తెర ఎప్పుడు నల్లబడింది?

కొత్తగా కొన్న వస్తువు పనిచేయకపోతే మన అనుమానం ముందుగా ఆ వస్తువు మీదికే పోవడం సహజం. కంప్యూటరులో కొత్త గ్రాఫిక్స్ కార్డు అమర్చి, మీట నొక్కినప్పుడు తెర మీద బొమ్మ రాకపోతే, చెడిపోయిన కార్డును అంటగట్టారనుకుంటాం. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇక్కడ తరచుగా వర్తిస్తుంది. నగరవాసికి ఈ తొందరపాటు వల్ల కలిగే నష్టం స్వల్పం. మరోసారి బజారుకు వెళ్ళివస్తాడు. బస్తర్ ప్రాంతంలో, నేటి సుక్మా జిల్లా అంచున, తెలంగాణ సరిహద్దులో ఉన్న మరైగూడ వంటి ఊరివారి సంగతి వేరు. మరమ్మతు కోసం పెట్టెను భద్రాచలం దాకా మోసుకుపోవాలంటే ఒక రోజు పనీ, దారి ఖర్చూ పోతాయి. కనుక పెట్టెను కదిలించే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం మేలు: తెర ఏ క్షణంలో నల్లబడింది? దోషి ఎవరో చాలావరకు ఆ క్షణమే చెబుతుంది.

మీట నొక్కినా లోపలి ఫ్యాన్లు కూడా తిరగకపోతే, కార్డు బిగించేటప్పుడు చేయి తగిలి ఏదో తీగ ఊడి ఉండవచ్చు. గోడ దగ్గర ప్లగ్గు తీసి, కంప్యూటరు మీటను కొన్ని క్షణాలు నొక్కిపట్టి, కేబినెట్టు లోహభాగాన్ని ఒకసారి తాకి, ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకున్న తర్వాతనే లోపల చేయి పెట్టాలి.

ఫ్యాన్లు తిరుగుతున్నా బొమ్మ రాకపోతే, మొదట చూడవలసింది మానిటరు తీగను. పాత అలవాటు కొద్దీ దానిని మదర్‌బోర్డుకే తగిలించి, కార్డులో దోషం వెతకడం చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా గాలించడమే. తీగను కార్డుకే తగిలించాలి. తరువాత కార్డును ఒకసారి తీసి, స్లాటు చివరనున్న గొళ్ళెం టక్కున పడేదాకా సమంగా నొక్కాలి. ఆపైన విద్యుత్తు సంగతి. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు స్వయంగా ఇవ్వగలిగేది 75 వాట్లే. అంతకు మించి కోరే కార్డుకు పవర్ సప్లై నుంచి వేరే తీగ కావాలి. 6 పిన్నుల తీగ మరో 75 వాట్లు, 8 పిన్నుల తీగ 150 వాట్లు అందిస్తాయి. ప్రాసెసరుకు వెళ్ళే 8 పిన్నుల తీగ చూపులకు ఇలాంటిదే. కాని దాని అమరిక వేరు. దానిని బలవంతాన దూర్చరాదు. ఒక పవర్ సప్లై తీగలను మరొకదానికి వాడడమూ ప్రమాదమే. కార్డుతోపాటు మదర్‌బోర్డు కూడా కాలిపోవచ్చు.

కార్డు తీసివేసి, మానిటరును మదర్‌బోర్డుకు కలిపినప్పుడు బొమ్మ వస్తే తక్కిన యంత్రం చాలావరకు క్షేమమని అర్థం. అయితే పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ వాడకానికి ఉండదు. వాటితో ఈ పరీక్ష పనికిరాదు.

మొదట కంపెనీ గుర్తు కనిపించి, విండోస్ తెరుచుకునే వేళకు బొమ్మ మాయమైతే, తీగనూ స్లాటునూ అంతగా శంకించనక్కరలేదు. అనుమానించవలసింది డ్రైవరును. సేఫ్ మోడ్‌లో తెరిచి, పాత కార్డు తాలూకు డ్రైవరును తొలగించి, కొత్త కార్డు తయారీదారు ఇచ్చినదానిని ఎక్కించాలి.

అంతా బాగానే నడుస్తూ, ఆట మొదలుపెట్టగానే కంప్యూటరు మొత్తం ఆరిపోతే పవర్ సప్లై శక్తి చాలడం లేదేమో చూడాలి. యు.పి.ఎస్.ను కూడా మరువరాదు. 600 వి.ఏ. అని రాసి ఉన్న ఇంటి యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్ల భారాన్నే మోయగలదు. ఆరిపోకుండా వేగం మాత్రం మందగిస్తూ ఉంటే వేడిని అనుమానించి, దుమ్ము తుడిచి, గాలి ఆడే దారి చూపాలి.

వీటిలో ఏది చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితాన్ని కాగితం మీద రాసుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే జబ్బు దేనివల్ల కుదిరిందో తెలియదు. ఇన్నీ చూశాక, సరిపడా శక్తి గల మరొక మంచి కంప్యూటరులో పెట్టినా బొమ్మ రాకపోతే, అప్పుడు కార్డును దోషి అనవచ్చు. ఇక రసీదుతోపాటు ఆ కాగితాన్ని కూడా తీసుకొని అంగడికి బయలుదేరండి. ఏమేమి పరీక్షించాడో వరుసగా చెప్పగలిగిన కొనుగోలుదారుని మాటను ఏ దుకాణదారుడూ తేలికగా తోసిపుచ్చలేడు.