గాలిని గద్దించే ముందు జనాన్ని కదిలించండి

నెల్లూరు తీరంలో సేవ చేస్తున్న పాస్టర్లకు హెచ్చరిక

బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త రాగానే మన తీరపు ఊళ్లలో రెండు మైకులు మోగుతాయి. సచివాలయం వాళ్లు ఆటోకు కట్టి తిప్పేది ఒకటి. మందిరం మీద ఉండేది ఇంకొకటి. మొదటిది ఇళ్లు ఖాళీ చేయమంటుంది. రెండోది కొన్నిచోట్ల ఉపవాస ప్రార్థనకు రమ్మంటుంది. ఒకే ఊళ్లో, ఒకే సాయంత్రం, రెండు పిలుపులూ జనాన్ని చెరో దిక్కుకు లాగితే ప్రాణాలు పోతాయి. ఆటో మైకు కన్నా అయ్యగారి మైకునే పల్లె ఎక్కువ నమ్ముతుంది. ఆ నమ్మకం ఏళ్ల తరబడి పెళ్లికీ చావుకీ వెళ్లి సంపాదించుకున్నది. దాన్ని తుఫానులు వచ్చే ఈ మూడు నెలల్లో ఎలా వాడాలో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

తుఫానుల కాలమూ మందిరాల సందడి కాలమూ మనకు ఒక్కటే కావడం దగ్గర చిక్కంతా ఉంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. జిల్లాలో ఏడాదంతా కురిసే వానలో సగానికి పైగా ఈ మూడు నెలలదే. కృతజ్ఞత కూడికలు, యవ్వనస్తుల కూటాలు, సెమీ క్రిస్మస్‌లు, వార్షికోత్సవాలు కూడా అప్పుడే. 2023లో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ పైకి పోయి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఊరూరా సెమీ క్రిస్మస్‌లకు ముహూర్తాలు పెట్టుకునే రోజులవి. 2004లో సునామీ వచ్చింది డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున.

పోస్టర్లు వేశాం, ప్రసంగీకులకు టికెట్టు తీశాం, షామియానాకు అడ్వాన్సు ఇచ్చాం, ఇప్పుడెట్లా ఆపేది అని మీరంటారు. కానుకల పెట్టెలో పడే చిల్లరతో నెల గడిపే పాస్టరుకు ఆ అడ్వాన్సు ఎంత బరువో తెలియక చెప్పడం లేదు. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిందంటే తీరం మీద తీవ్రమైన గాలివానకు 24 గంటలే ఉందని లెక్క. ఆ తర్వాత ఏ కూడికా పెట్టకండి. పసుపు హెచ్చరిక దాదాపు 48 గంటల ముందే వస్తుంది. వాయిదా మాట అప్పుడే చెప్పేస్తే ప్రసంగీకుడు రైలెక్కడు, వంటకు బియ్యం నానదు, డబ్బు కూడా కొంత మిగులుతుంది. చివరి గంట దాకా చూద్దాం అనుకున్నవాళ్లకే రెండు రకాల నష్టం.

ఒక్కసారి మీ మందిరం పైకప్పు కేసి చూడండి. మన పల్లెల్లో సగం మందిరాలు సిమెంటు రేకులవే. రేకును కమ్మీకి పట్టి ఉంచేది వంపు తిరిగిన ఇనుప బోల్టు, దాని మీద తారు వాషరు. ఉప్పుగాలికి ఆ బోల్టు తుప్పు పట్టి సన్నబడుతుంది. కింద నుంచి చూస్తే ఏమీ కనపడదు. గాలి తలుపు సందులోంచి లోపలికి దూరి పైకి తన్నితే మొదట మూల రేకు లేస్తుంది, తర్వాత వరసంతా. ఎగిరిన రేకు ముక్క మనిషిని కోసేస్తుంది. అలాంటి కప్పు కింద వంద మందిని రాత్రంతా కూర్చోబెట్టి కీర్తనలు పాడించడం విశ్వాసం అనిపించుకోదు. దూతలు పట్టుకుంటారులే, దూకు అని గ్రంథంలో అన్నది ఎవరో పాస్టర్లకు మేం గుర్తు చేయనక్కర్లేదు.

తుఫాను రాత్రి ఎక్కువమంది తీసే వాక్యభాగం, ప్రభువు పడవలో లేచి గాలిని గద్దించిన ఘట్టం. దాన్ని కాదనడానికి మేమెవరం. కానీ అదే గ్రంథంలో ఇంకో తుఫాను ఉంది, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో. అది మన తీరానికి మరీ దగ్గరి కథ. ప్రయాణాలకు కాలం దాటింది, వెళ్తే నష్టమని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి ఆయన మాట పక్కన పెట్టి ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తర్వాత పద్నాలుగు రోజుల గాలివాన. ఎండ లేదు, చుక్క లేదు. పౌలు ప్రార్థించాడు, దూత మాట విన్నాడు. అక్కడితో ఆగలేదు. చిన్న పడవ దించుకుని జారుకోబోతున్న నావికులను పట్టించాడు. రోజుల తరబడి పస్తున్నవాళ్ల చేత దగ్గరుండి రొట్టె తినిపించాడు. చివరికి ఈత వచ్చినవాళ్లు ముందు దూకి, రానివాళ్లు పలకలు పట్టుకుని, 276 మందీ ఒడ్డెక్కారు. ఓడ ముక్కలైంది. గాలి ఆగినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఈ సీజనులో మీరు చెప్పబోయే ప్రసంగాల్లో ఒకటైనా దీని మీద చెప్పండి. అక్టోబరులోనే చెప్పండి, ఆకాశం తెరిపిగా ఉన్నప్పుడు.

ముందే కదిలితే ఏమవుతుందో మన రాష్ట్రం కళ్లారా చూసింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడితే పది వేల మందికి పైగా పోయారు. 1990 మేలో మచిలీపట్నం వైపు మళ్లీ అంత తీవ్రమైన తుఫానే వచ్చింది. అప్పటికి హెచ్చరికలు మెరుగుపడ్డాయి, లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. వెయ్యీ తక్కువేం కాదు. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా సమయానికి ఇల్లు వదిలి నడిచిన మనుషులే.

మీ సంఘంలో అందరి నోటా వినపడే మాట ఒకటుంది: ‘శ్రీహరికోట కాడ దాటతదంట, మనకేం గాదులే అయ్యగారూ.’ మైపాడులోనో జువ్వలదిన్నెలోనో ఈ మాట అన్నారంటే అప్పుడే జాగ్రత్త పడాలి. మన వైపు తుఫాను గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల అది తీరం దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం మీది నుంచి ఊరి మీదికి తోస్తుంది, ఉప్పెన లేచేది ఎక్కువగా ఆ పక్కనే. శ్రీహరికోట దగ్గర దాటితే కృష్ణపట్నం, మైపాడు ఉత్తరపు ఊళ్లే. ఇంకొకటి, తుఫాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. ఒక్కోసారి చుక్కలు కూడా కనపడతాయి. ప్రార్థన ఫలించిందని సాక్ష్యం చెప్పడానికి, ఇల్లు చూసుకోవడానికి జనం బయటికి వస్తారు. కాసేపటికి అవతలి దిక్కు నుంచి అంతే గాలి తిరిగి కొడుతుంది. ఆ మధ్యలో ఒక్కరినీ గడప దాటనివ్వకండి.

వాన ఇక్కడ పడకపోయినా వరద రావచ్చు. 2021 నవంబరు 19న కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి, శివాలయానికి చేరిన భక్తులు కూడా నీళ్లలో చిక్కుకున్నారు. భక్తి ఏ మతానిదైనా జనాన్ని ఒక్కచోట చేరుస్తుంది, నీటికి ఆ తేడా తెలియదు. ఆ నీరంతా పెన్నలో కలిసి సోమశిల మీదుగా మనదాకా వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. పెన్న ఒడ్డున, కాలవ గట్ల మీద ఇళ్లున్న విశ్వాసులు మీ సంఘంలో ఉంటే మీరు ఆకాశం చూసి లాభం లేదు. సోమశిల నుంచి ఎంత వదులుతున్నారో వీఆర్వోను అడగండి.

ఇక మనుషుల లెక్క. సచివాలయం జాబితాలో ఇంటి నంబరు ఉన్నవాళ్లు ఉంటారు. రొయ్యల గుంతల దగ్గర కాపలా గుడిసెలో ఉండే యానాది కుటుంబం చాలాసార్లు ఉండదు. గుంత ఒక ఊళ్లో, రేషను కార్డు ఇంకో ఊళ్లో, యజమాని నెల్లూరులో. మోటార్లు వదిలి పోతే ఊరుకోడని భయం. ఆదివారం మీ మందిరంలో వెనక చాప మీద కూర్చునేది వాళ్లే. వాళ్ల పేర్లు మీకు తెలుసు, ఆ గుంతకు దారి తెలుసు. యజమానికి ఫోను చేసి మాట్లాడే మొహం కూడా మీకే ఉంది. తొమ్మిదో నెల గర్భిణి ఎవరు, ఏ ముసలాయన మంచం దిగలేడు, ఎవరికి డయాలసిస్ రోజు ఎప్పుడు... ఇవి మీకన్నా మీ ఇంట్లో అమ్మగారికి బాగా తెలుసు. స్త్రీల కూడికలో చేరిన ఆ సమాచారమంతా ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి. రాసే బాధ్యత ఆమెకే ఇవ్వండి, ఆమె మాటే చెల్లనివ్వండి.

రక్షణ కేంద్రం దాకా రమ్మంటే కొందరు కదలకపోవడానికి సోమరితనం కారణం కాదు. ఆ భవనం పెద్ద ఊళ్లో ఉంటుంది. మాదిగపల్లె వాళ్లు, యానాదులు వెళ్తే ఏ మూల కూర్చోమంటారో, ఏ బిందె ముట్టుకోవద్దంటారో అనే అనుమానం. అది ఉత్తుత్తి అనుమానం కాదని మీకూ తెలుసు. అందుకని మీరు ముందు వెళ్లి లోపల చాప వేయండి. పట్టపు మత్స్యకారుల పల్లెలైతే కుల పెద్దలైన కాపుల దగ్గరికి వెళ్లండి. వేటకు పోవద్దని అక్కడ దురాయి, అంటే కుల కట్టుబాటు, పడితే కలెక్టరు ఉత్తర్వు కన్నా గట్టిగా నిలుస్తుంది. వాళ్లలో చాలామంది మీ మందిరం గడప తొక్కనివాళ్లు కావచ్చు. ఈ పనికి అది అడ్డం రాకూడదు.

తుఫాను వెళ్లాక వచ్చే ప్రమాదాలు వేరు. నీళ్లు తీస్తున్న ఇళ్లలో పాములుంటాయి. కాటు పడితే ప్రార్థన చేయండి, 108లో కూర్చుని చేయండి. విషానికి మందు ఆసుపత్రిలో ఉంది. ఎవరి ఇల్లు పోయిందో వాళ్ల పాపం వల్లే పోయిందనే మాట మీ నోట రానివ్వకండి, సంఘ పెద్దల నోట వచ్చినా అక్కడే ఆపండి.

సాయం పంచే దగ్గర మనకు ఇంటి పెద్దల పాఠమే ఉంది. 1840లో శామ్యూల్ డే నెల్లూరుకు వచ్చి మొదలుపెట్టిన బాప్టిస్టు మిషనులో తర్వాత ఒంగోలుకు వెళ్లినవాడు జాన్ క్లౌ. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టి ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారనే మాట ఎవరికీ పడకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యం మూట ముందు పెట్టి మోకాళ్లూనమనే సేవకుడు ఈ చరిత్ర ఒకసారి చదువుకోవాలి. ఎవరికి ఎంత ఇచ్చారో చార్టు మీద రాసి మందిరం గోడకు అంటించండి, సంఘంలో లేనివాళ్ల పేర్లతో సహా.

డబ్బు విషయంలో ఇంకాస్త జాగ్రత్త. తుఫాను ఫొటోలు చూసి విదేశీ సంఘం ఒకటి మీ సొంత ఖాతాకు పంపుతానంటుంది. వద్దనండి. విదేశీ పౌరులు, విదేశీ సంస్థల నుంచి సేవ పేరిట విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ఖాతాకే రావాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు మళ్లించడం కుదరదు. ‘మా ట్రస్టు ద్వారా పంపిస్తాం బ్రదర్’ అన్నా వద్దనే చెప్పండి. భారత పాస్‌పోర్టుతో గల్ఫులో ఉన్న మన ఊరి అబ్బాయి తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది వేరే సంగతి.

ఇంత చేశాక మీరూ మనిషే. పది రోజులు అందరి గోడూ విన్న పాస్టరు పదకొండో రోజు తన ఇంటి రేకులు చూసి కూలబడతాడు. ఎవరికీ చెప్పడు, సేవకుడికి నిరాశ ఏమిటంటారని. ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, మళ్లీ పడుకోనిచ్చింది. పక్క ఊరి పాస్టరు లూథరన్ అయినా, పెంతెకొస్తు అయినా, ఆర్‌సీఎం ఫాదరు అయినా ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి: తుఫాను తర్వాత రెండో ఆదివారం నా మందిరంలో నువ్వు, నీ మందిరంలో నేను. ఆ వారం మీరు నిద్రపోవాలి.

ఈ ఆదివారం ప్రకటనల వేళ అత్యవసర నంబర్లు 112, 1070, 108 చదివి వినిపించి, అందరి చేతా ఫోన్లలో ఎక్కించండి. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి రక్షణ కేంద్రం దాకా నడవండి, ముసలివాళ్ల నడకనే నడవండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తలుపుకు తాళం ఉంటే తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. దొరక్కపోతే సోమవారం పొద్దున్నే సంఘ పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి కాగితం రాసివ్వండి, రసీదు అడిగి తీసుకోండి.