తాగే సరుకా? దాచే సరుకా?

సరుకు నిల్వ పెట్టిన వ్యాపారికి గట్టెక్కే దారి ఒక్కటే - అమ్మకం. లండన్‌లో అభిరుచికొద్దీ బోర్డో వైన్ కొని దాచేవారికి మాత్రం రెండో దారి కూడా ఉంది - తాగేయడం. ఆ ధీమాతోనే చాలామంది లెక్క తప్పుతున్నారు.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో పంట కోసిన మరుసటి వసంతంలోనే, సరుకు పీపాల్లో ఉండగానే, అమ్మకాలు మొదలవుతాయి. సీసాలు చేతికందడానికి సుమారు రెండేళ్ళు పడుతుంది. చూడ్డానికి వాయిదా బేరంలా ఉన్నా ఇందులో మార్జిన్ కట్టి సరిపెట్టుకోవడం లేదు. మొత్తం రొక్కం ముందే చెల్లించాలి. మేలు రకాలు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు నిలవుంటే గాని పదును రావు. అప్పటికి కొన్నవారి నాలుక ఎలా ఉంటుందో, డాక్టరు ఏమంటాడో!

వారానికి 2 సీసాలు తాగే ఇంట్లో ఏడాది వాడకం 104 సీసాలు. కేసుకు 12 చొప్పున 9 కేసులైనా కాదు. అదే ఇంటాయన ఏటా 20 కేసులు కొంటే మిగులు 136 సీసాలు. పదేళ్ళు తిరిగేసరికి మాళిగలో 1,360 సీసాలు పేరుకుంటాయి. అంటే పదమూడేళ్ళ వాడకానికి సరిపడా. పదేళ్ళు మాగవలసిన రకాలే తాగేవారికి 1,040 సీసాల నిల్వ సబబే. ఆపైన ఉన్నది అభిరుచి కాదు, సట్టా.

ఇక ధర సంగతి. 2008లో హాంకాంగ్ వైన్‌పై సుంకం ఎత్తివేయడంతో చైనా గిరాకీ విజృంభించింది. 2008 పంట సీసాలపై చైనా 'ఎనిమిది' అంకె వేస్తున్నట్టు లఫీట్ యాజమాన్యం 2010లో ప్రకటించగానే ధర ఎగబాకింది. 2011 మధ్య నుంచి మార్కెట్ దిగజారింది. 2022 చివర మొదలైన మరో పతనం 2024 పొడుగునా సాగింది. ధర పెరిగితే, ఇంత ఖరీదైన సీసా మూత తీయడానికి మనసొప్పదు. పడితే నష్టానికి అమ్మబుద్ధి కాదు. ఎటు తిరిగినా సరుకు కదలదు.

రెండు కేసులు కొని, ధర పెరిగాక ఒకటి అమ్మి, రెండోది ఉచితంగా తాగడం లండన్‌లో పాత ఆనవాయితీ. పెరిగే మార్కెట్లో భేషైన పద్ధతే. కాని అమ్మదలచిన కేసు బాండెడ్ గిడ్డంగి దాటకూడదు. అక్కడ ఉన్నంతకాలం సుంకమూ, 20 శాతం వ్యాట్ పడవు. ఇంటికి చేరిన సరుకును ఏ వేడిలో ఉంచారోనని కొనేవాడు సందేహిస్తాడు. నకిలీ వైన్ అమ్మిన రూడీ కుర్నియావాన్‌ను 2013లో న్యూయార్క్ కోర్టు దోషిగా తేల్చాక ఆ అనుమానం మరింత ముదిరింది. కనుక తాగే కేసు ఏదో, అమ్మే కేసు ఏదో కొన్ననాడే ఖాతాలో విడిగా రాసుకోవాలి. గిడ్డంగి అద్దె, బీమా ఈ రెండింటికీ పడతాయి. ఈ ఖర్చు కలిపి చూసుకునే సరదారాయుళ్ళు తక్కువే.

వాడకానికి మించి నిల్వ ఉన్నవారు కొత్త పంట బేరానికి దూరంగా ఉండడమే మేలు. ఇటీవలి పతనంలో, మాగి తాగడానికి సిద్ధంగా ఉన్న పాత పంటల కేసులు కొన్ని కొత్త పంట విడుదల ధరకన్నా చౌకగా దొరికాయి. పదేళ్ళ అద్దె మరొకరు భరించిన సరుకు అది.