ఒకే పోస్టరు, మూడు పద్దులు

అమెరికాలో ఎం.డి. పట్టా ఇచ్చే కళాశాలలలో అత్యధిక భాగానికి ఏఎంసీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తే సింహద్వారం. విద్యార్థి తాను చేసిన పనులను చెప్పుకోవడానికి అందులో ఒక పట్టిక ఉంటుంది. పద్దులు 15కు మించరాదు. ఒక్కొక్క పద్దుకు 700 అక్షరాలు. పరిశోధనకు ఒక వర్గం, పోస్టర్లకూ ప్రసంగాలకూ ఇంకొక వర్గం, ప్రచురణలకు మరొక వర్గం. వర్గాలు మూడున్నాయి గనుక చేసిన ఒక్క పనినీ మూడు చోట్ల ఎక్కించవచ్చునన్న తెలివి అక్కడి మన తెలుగు ఇళ్ళలోనూ ప్రబలుతున్నది. నా పేచీ ఆ తెలివితోనే.

అది సాగే తీరు చూడండి. అమ్మాయి వేసవిలో ఎనిమిది వారాలు ఒక ప్రొఫెసరుగారి దగ్గర రోగుల వివరాలను ఎక్సెల్ పట్టికలోకి ఎక్కించింది. ఆ పని పరిశోధన వర్గంలో ఒక పద్దు. ఆకురాలు కాలంలో సొంత విశ్వవిద్యాలయమే జరిపిన విద్యార్థి సదస్సులో ఆ పట్టిక ఆధారంగా ఒక పోస్టరు పెట్టారు. అమ్మాయి పేరు ఆరవది. అది రెండవ పద్దు. ఆ వ్యాసాన్నే ఒక పత్రికకు పంపారు, జవాబు రాలేదు. "సమర్పించబడినది" అన్న ముక్క తగిలించి ప్రచురణల వర్గంలో మూడవ పద్దు. "ఇందులో అబద్ధమేముందండీ?" అని తండ్రిగారు నిలదీస్తారు. విడివిడిగా చూస్తే ఏదీ అబద్ధం కాకపోవచ్చును. కానీ ఈ అమ్మాయి మూడు పనులు చేసిందని చదివేవారు నమ్మాలన్నదే కదా అక్కడి ఉద్దేశం? ఆ ఉద్దేశం పేరేమిటో తండ్రిగారే చెప్పాలి.

పత్రికకు పంపడం ప్రచురణ ఎలా అవుతుంది? అలా అయితే తిరుగు టపాలో కథలు వెనక్కి వచ్చిన మనలో ప్రతివారమూ ప్రచురిత కథకులమే! పంపినది, అంగీకారం పొందినది, అచ్చయినది అనేవి మూడు వేరువేరు దశలు. పోస్టరు వీటిలో దేనికీ చెందదు. సదస్సుకు పంపిన సంగ్రహాన్ని చూసి చోటిస్తారు. పత్రికలో నిపుణులు పూర్తి వ్యాసాన్ని పంక్తి పంక్తీ ప్రశ్నించే పరీక్ష దానికి ఉండదు. అంతమాత్రాన పోస్టరు తక్కువదని నేననను. దాని పక్కన గంటసేపు నిలబడి, వచ్చిపోయేవారి ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలిగిన పిల్ల చాలా నేర్చుకున్నట్టే. అయితే ఆ గౌరవం నిలబడి జవాబు చెప్పినవారిది. బల్లకు అంటించిన కాగితం మీద ఆరవ పేరుగా ఉండి, ఆ రోజు ఊళ్ళోనే లేనివారిది కాదు.

పేర్ల సంగతీ చూద్దాం. పెళ్ళి శుభలేఖలో "బంధుమిత్రుల అభినందనలతో" అని మేనమామల పేర్లూ పినతండ్రుల పేర్లూ వేసుకుంటాం. వాళ్ళు పెళ్ళి చేయించారని ఎవరూ అనుకోరు. పరిశోధన వ్యాసంలో పేరు అటువంటిది కాదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితకు నాలుగు లక్షణాలు చెప్పింది: పని రూపకల్పనలోనో, సమాచార సేకరణ, విశ్లేషణలలోనో చెప్పుకోదగ్గ పాలు, వ్యాసం రాయడంలో లేదా లోతుగా సరిదిద్దడంలో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. నాలుగూ ఉండాలి. పరిచయస్థుడైన డాక్టరుగారు తన వ్యాసంలో "పిల్లవాడి పేరు కూడా వేసేస్తే పోలా" అంటే, ఆ పిల్లవాడు నాలుగవ లక్షణాన్ని ఏ ముఖంతో మోస్తాడు?

ఈ సందర్భంలో మనవాడే ఒకాయన గుర్తుకు వస్తాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. 1925లో వచ్చిన ఆ వ్యాసం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ పద్ధతికీ ఇద్దరి పేర్లే నిలిచాయి. తరువాత లెడర్లీలో ఆయన నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో అచ్చయిన ఆ ప్రసిద్ధ వ్యాసానికి రచయితలు అయిదుగురు. వారిలో సుబ్బారావు లేడు. అయినా ఆయన పని చెక్కుచెదరలేదు. ఆయన చిత్రపటానికి సభలలో దండలు వేసే మనమే, పిల్లలు చదవని వ్యాసాల మీద వారి పేర్ల కోసం సిఫారసులకు తిరుగుతున్నాం.

లెక్కపెట్టే పెద్దల తప్పు లేదనను. చదువు ముగిసి రెసిడెన్సీకి పోయే దశలో, సంగ్రహాలూ ప్రసంగాలూ ప్రచురణలూ అన్నీ ఒకే గంపలో వేసి ఒకే అంకెగా చూపుతారు. 2022 నివేదికలో న్యూరోసర్జరీ సీటు దక్కిన అమెరికా ఎం.డి. విద్యార్థుల సగటు 25.5! ఇరవయ్యారేళ్ళ వయసులో పాతికన్నర పరిశోధనా ఫలితాలా? అవి ఎంత లోతైనవో ఆ అంకె చెప్పదు. కాని పై తరగతిలో గంప నింపే రోగం ఉన్నదని కింది తరగతివారు దానిని ముందుగానే అంటించుకోవడం న్యాయం కాదు.

నష్టపోయేదెవరు? 2023లో ప్రవేశాలకు 52 వేల పైచిలుకు మంది దరఖాస్తు చేస్తే, చేరినవారు 23 వేలలోపు. వేసవిలో జీతం లేని పరిశోధనకు పోలేక, దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబడి ఇంటి అద్దెకు సాయపడ్డ పిల్లలూ ఆ వరుసలోనే ఉన్నారు. వారికి డాక్టరు మామయ్యలు లేరు. మనం ఉబ్బించిన ప్రతి పద్దూ వారి కంటె ముందు వరుసలోకి దూరడమే.

మరి పిల్లలు ఏం రాయాలి? పని ఒకటైతే పద్దు ఒకటి చాలు. పోస్టరు ఎక్కడ, ఏ నెలలో పెట్టారో, తన పేరు వరుసలో ఎన్నవదో, వ్యాసం ఏ దశలో ఉందో అందులోనే చెప్పవచ్చు. మిగిలిన అక్షరాలలో తన చేతులు చేసిన పనిని చెప్పాలి. "రెండు వందల కేసు షీట్లు చదివాను, వాటిలో తప్పిపోయిన వివరాలు ఎందుకు తప్పిపోయాయో వెదికాను" అన్న వాక్యం ఆరవ పేరుకన్నా బరువైనది. ఇంటర్వ్యూలో ఎవరైనా గుచ్చి అడిగితే దాని మీద పది నిమిషాలు మాట్లాడవచ్చు కూడా. అచ్చయిన వ్యాసం నిజంగా ఉండి, అందులో తన పాలు నిజంగా ఉంటే, దానికి వేరే పద్దు నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు.

వైద్యవృత్తి నడిచేది రాతమీద. రాత్రి డ్యూటీ డాక్టరు "పరీక్షించాను, పొట్ట మెత్తగా ఉంది" అని రాస్తే, పొద్దున వచ్చే డాక్టరు దానిని నమ్మి మందు మారుస్తాడు. చెయ్యి వేయకుండానే ఆ మాట రాసిన నాడు మంచం మీది మనిషి ప్రాణం మీదికి వస్తుంది. చేయనిది చేసినట్టు రాయడం, చేసినదానిని మూడింతలు చేసి రాయడం పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? దరఖాస్తు నింపే రాత్రి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న తల్లిదండ్రులమే.