భద్రకాళి చెరువుకు తెరచాప

మా హన్మకొండ వాళ్లకు భద్రకాళి చెరువు గట్టంటే పొద్దున వాకింగ్, సాయంత్రం సెల్ఫీ. దసరాకు అమ్మవారు హంస వాహనమెక్కి తెప్పోత్సవానికి నీళ్లలోకి వస్తుంది. మనం మాత్రం ఒడ్డునే ఉండిపోతాం. బతుకమ్మ నాడు కూడా పూలే నీళ్లలోకి పోతాయి, మనుషులు మెట్ల దగ్గర ఆగుతారు.

హైదరాబాద్‌లో అట్లా కాదు. కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్ మీద వానాకాలం గాలికి ఏటా సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూశాను. చిన్నపిల్లల పడవ పేరు ఆప్టిమిస్ట్: పొడవు దాదాపు 2.3 మీటర్లు, ఒకటే తెరచాప. ఎదురుగాలిలో అది సూటిగా పోలేదు, ఇటోసారి అటోసారి ఏటవాలుగా మలుపులు తిరగాలి. మలుపులో చాప అడుగు కర్ర తలకు తగలకుండా ఓ పిల్ల టక్కున వంగి, అవతలి అంచుకు జారి కూర్చుంది. అక్కడి యాట్ క్లబ్‌లో నేర్చుకునేవాళ్లలో పేదింటి పిల్లలూ ఉన్నారు. ఇది దొరల ఆట అనేవాళ్లు ఒక్కసారి పోయి చూడాలె.

మన చెరువు కాకతీయుల నాటిది. 2024 చివర్లో పూడికతీత కోసం ఖాళీ చేశారు. మళ్లీ నీళ్లు నిండాక, గట్టు సోకులకు పెట్టే సొమ్ములో కొంత తీసి నాలుగు పడవలు, లైఫ్ జాకెట్లు, ఒక రక్షణ బోటు, ఒక శిక్షకుడు ఏర్పాటు చేస్తే మన సర్కారు బడి పిల్లలు నేర్చుకోరా? తెరచాపకు డీజిల్ అక్కర్లేదు, గాలి చాలు. అయితే చెరువులో మురుగు కలవకుండా ఆపడం ముందు జరగాలి. ఆపకుండా పడవలు దింపితే అడ్డం పడేవాళ్లలో నేనే ముందుంటా.