ముందు కప్పు, తర్వాతే రంగు

మన పల్లెల పిల్లలు ఇంటరు దాటి డిగ్రీకి పోవాలంటే పట్నంలో హాస్టలే దిక్కు. అద్దె గది తీసి చదివించే స్తోమతు ఎందరికి ఉంది? 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలిసిన నాటి నుంచీ ఊళ్ల పిల్లలు పై చదువులు చదివింది హాస్టళ్ల పుణ్యానే. అలాంటిది, జిల్లాలో పాత కళాశాల హాస్టళ్ల కప్పులు వానకు కారుతున్నాయి.

మరమ్మతుల పేరిట అప్పుడప్పుడూ కొద్దిపాటి సొమ్ము మంజూరవుతుంది. అది ఎక్కడికి పోతోందో చూడండి. గేటుకు కొత్త కమాను, ముందు గోడకు రంగు, ఆఫీసు గదికి టైల్సు. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలకు కనబడేవి ఇవే కదా! మేడ ఎక్కి చూసేవారు లేరు. రెండు వానలు పడేసరికి ఆ రంగు పొక్కులు లేచి ఊడుతుంది.

సొమ్ము తక్కువైనప్పుడు వరస ముఖ్యం. ముందు మిద్దె. తూములు మూసుకుపోయి నీరు నిలిస్తే ఎంతటి కప్పయినా కారుతుంది. పిట్టగోడ సందుల్లో మొలిచిన రావి మొక్కను వేళ్లతో సహా తీయించాలి. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నీరు తూముల వైపు పోయేలా వాటం సరిచేయించాలి. కొత్త స్లాబు ఖర్చుతో పోలిస్తే ఇదెంత?

సున్నంతో కట్టిన పాత గోడలకు, మద్రాసు మిద్దెలకు సిమెంటు పూయడం మరో పొరపాటు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన తడికి ఇటుక పొడిపొడి అయి, పూత పెళ్లలుగా రాలుతుంది. సున్నపు పని తెలిసిన తాపీ మేస్త్రులు పల్లెల్లో ఇంకా కొందరున్నారు. టెండరు కాగితాల్లో వారి ఊసే ఉండదు.

తరువాతి కాలపు స్లాబుల జబ్బు వేరు. నీరు దిగి, లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. కాంక్రీటు పెచ్చులు నిద్రపోతున్న పిల్లల మీద పడతాయి. ఊడినచోట సిమెంటు మెత్తి వెల్ల వేస్తే అది మరమ్మతు కాదు, కప్పిపుచ్చడం. తుప్పు గీకించి, చువ్వలు సన్నబడిన చోట కొత్తవి కట్టించి, ఆపైనే పూడ్చాలి. గది పనికిరాదని ఇంజనీరు అంటే తాళం వేయాల్సిందే.

కప్పు తరువాత కరెంటు. ఆనాటి వైర్లు గదికొక బల్బు, ఒక ఫ్యాను కోసం వేసినవి. ఇప్పుడు గదికి నాలుగు సెల్‌ఫోన్లు, చాటుగా నీళ్ల హీటరు. ఆ వైర్లు మార్చి, ఎర్తు తీగ వేయాలి. ఆ తరువాత మరుగుదొడ్లు. తలుపుకు గొళ్లెం లేదని, నీళ్లు రావని ఆడపిల్లను చదువు మాన్పించిన తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు.

పడగొట్టి కొత్తది కడదామనేవారూ ఉన్నారు. కట్టేలోగా పిల్లలు ఎక్కడ ఉండాలో మాత్రం చెప్పరు.

మంజూరు ఉత్తర్వులు మార్చి 31 ముందు హడావిడిగా వచ్చి, టెండర్లు ముగిసేసరికి జూన్ వానలు మొదలవుతాయి. గదులు ఖాళీగా ఉండే వేసవి సెలవులు వృథాగా పోతాయి. ఈసారైనా అంచనాలు సంక్రాంతిలోగా తయారు చేయించాలని జిల్లా అధికారులను కోరుతున్నాం. తల్లిదండ్రులు కూడా ఆ అంచనా నకలు అడగవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. కప్పుకెంత, రంగుకెంత అన్నది అందులో తేలుతుంది.