పడకల లెక్క

బీమాకు ధీమాను జతచేసి ప్రకటనలవారు మనకు ఒక ప్రాసను అలవాటు చేశారు. ఆటిజం ఉన్న బిడ్డ ఇంట మాత్రం ఆ ప్రాస కుదరడం లేదు. మన ఆరోగ్యబీమా చికిత్సను కొలిచే కొలతలోనే లోపమున్నదని నా అభిప్రాయం.

ప్రైవేటు పాలసీలలో అధికభాగం ఆసుపత్రి పడకను బట్టి సొమ్ము చెల్లిస్తాయి. రోగి సామాన్యంగా 24 గంటలైనా చేరి ఉండాలి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ పడక మీద జరిగేవి కావు. చాప మీద కూర్చోబెట్టి, పూసలు గుచ్చించి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూచేదాకా, ఏళ్ల తరబడి వారం వారం సాగే సాధన అది, అక్షరాభ్యాసం వంటిది. పాలసీ పరిభాషలో అది ‘ఔట్ పేషెంట్’ ఖర్చు. అనేక పాలసీలలో దానికి చోటు లేదు.

చట్టాలు లేవా అంటే, ఉన్నవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాల పట్టికలో చేర్చినది. దివ్యాంగులకు ఆరోగ్యబీమా పాలసీ అందుబాటులో ఉంచవలసిందేనని 2023 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ బీమా కంపెనీలను ఆదేశించినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. అయితే పాలసీ దొరకడం వేరు, అది థెరపీ రుసుము చెల్లించడం వేరు. పైగా, ముందునుండి ఉన్న స్థితికి మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చునని 2024 నాటి నియమం. మూడేళ్ల బిడ్డకు మూడేళ్ల నిరీక్షణ అంటే, మాటలు నేర్పడానికి ఎంతో అనువైన కాలం చేజారిపోవడమే.

వేరు కొలత అసాధ్యం కాదు. నేషనల్ ట్రస్టు 2008లో ప్రారంభించిన ‘నిరామయ’ పథకం ముందస్తు వైద్యపరీక్షలు లేకుండానే ఏడాదికి లక్ష రూపాయల వరకు బీమా ఇస్తున్నది. థెరపీని కూడా లెక్కలోనికి తీసుకొంటున్నది. థెరపీకి అందులో విడిగా పరిమితి ఉన్నది. వారం వారం రుసుము కట్టే ఇంటికి అది ఏ మూలకూ చాలదు. అయినను, పడక లేని చికిత్సకు బీమా ఉండవచ్చునని అది నిరూపించినది. ప్రభుత్వ పథకం అంగీకరించిన సూత్రాన్ని ప్రైవేటు సంస్థలు ఎందుకు అంగీకరించరాదు?

మా వరంగల్లు తల్లిదండ్రులకు నా సూచన ఒక్కటే. వైకల్య ధ్రువపత్రం పొంది ముందుగా నిరామయలో చేరండి. ప్రైవేటు పాలసీ కొనేముందు ఔట్ పేషెంట్ థెరపీకి ఎంత ఇస్తారు, ఎన్నాళ్లు ఆగాలి అన్న రెండు ప్రశ్నలకు వ్రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఏజెంటు నోటిమాట నీటిమూట.

ఈ విషయంలో అనుభవమున్న మిత్రులు తమ అభిప్రాయాలను తెలుపగలరు.