లైఫ్ జాకెట్ ఆపలేని చావు

పడవలో ఇంజను పక్కన కూర్చున్న పిల్లల్ని ముందుకి పంపమని ఎవరికైనా చెప్పి చూడండి. "బయటి గాలిలో పొగ ఏం చేస్తుందండీ?" అంటారు. మా ఆమదాలవలస వైపయితే "ఏటవుద్ది బాబూ, గాలాడతంది కదా!" అంటారు. బెంగుళూర్లో నా కొలీగ్ "ఓపెన్ ఎయిర్ బాస్, చిల్" అన్నాడు. ముగ్గురి భాషా వేరు, నమ్మకం మాత్రం ఒకటే. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

మనకి పడవ ప్రమాదమంటే మునగడం ఒక్కటే. అందులో ఆశ్చర్యం లేదు లెండి. 2017 నవంబరు 12న కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర, 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పోయినవాళ్ళు ఇంకా ఎక్కువ. రెండుసార్లూ టీవీల్లో లైఫ్ జాకెట్ల గురించే చర్చ. జరగాల్సిన చర్చే. కానీ మన భద్రత అక్కడితో ఆగిపోయింది. జాకెట్ వేసుకున్న మనిషి కూడా స్పృహ తప్పితే ఏమిటన్నది ఎవరూ అడగలేదు.

పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నల్లటి పొగ కనబడటం లేదు కాబట్టి భయం లేదనుకోవడం శుద్ధ తప్పు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్నదాంట్లో సగం వదలడానికి మామూలు గాలిలో 4-5 గంటలు పడుతుంది. ఈలోగా తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం. పడవలో ఇవన్నీ వస్తే మనం ఏమనుకుంటాం? ఎండ దెబ్బ, పడవ ఊపు, లేదా రాత్రి వేసుకున్న మందు! ఇంకో తమాషా చూడండి. 2021లో కరోనా రెండో వేవ్‌లో మనమంతా ఎగబడి కొన్న ఆక్సీమీటర్ ఉందే, అది ఈ విషాన్ని ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మనిషి పడిపోతున్నా తెర మీద 98 చూపించగలదు.

మరి గాలి ఎగరగొట్టేయదా? ఎప్పుడూ కాదు. పడవ ముందుకి వెళ్తుంటే దాని వెనక గాలి సుడి తిరిగి పొగని మళ్ళీ పడవలోకే లాగుతుంది. ఎండకో వానకో పక్కలకి టార్పాలిన్ కడితే మరీ ఎక్కువ. ఆగి ఉండి ఇంజను ఆన్‌లో ఉంటే పొగ నీటిమీదే, సరిగ్గా ఈత కొట్టేవాడి ముక్కు ఎత్తులో తిష్ట వేస్తుంది.

2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్‌లో ఇద్దరు చిన్న అన్నదమ్ములు హౌస్‌బోటు వెనక నీళ్ళలో ఈదుతూ ఇలాగే చనిపోయారు. తర్వాత నియోష్ సంస్థ అలాంటి పడవల వెనక డెక్కు కింద గాలిని కొలిచింది. ప్రాణానికి తక్షణ ప్రమాదమని వాళ్ళు పెట్టుకున్న హద్దు 1200 పీపీఎం. అక్కడ దొరికింది దానికి ఎన్నో రెట్లు. చిన్న ఓపెన్ పడవల వెనక మెట్టు పట్టుకుని వేలాడే సరదా కూడా ప్రాణాలు తీసింది. అందుకే ఇంజను నడుస్తుండగా అలా వేలాడటాన్ని కాలిఫోర్నియా 2005 నుంచి చట్టంతో నిషేధించింది.

ఇక నా అసలు గొడవ. వాళ్ళకి ఇది ఎలా తెలిసింది? రక్తం పరీక్షించారు కాబట్టి. మన దగ్గర నీళ్ళలో శవం దొరికితే "నీట మునిగి మృతి". ఫైలు క్లోజ్. ఎవరికైనా అనుమానం వస్తే తప్ప రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూడరు. లాగింగ్ ఆఫ్ చేసేసి "ప్రొడక్షన్లో ఎర్రర్స్ లేవు సార్" అని మేనేజరుకి చెబితే ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం అదే మాట చెప్పుకుని అందరం నిద్రపోతున్నాం. మన దగ్గర ఇలాంటి చావులు లేవని కాదు, లెక్కపెట్టే కాలమే లేదని.

"మన పడవలు డీజిల్ కదా" అంటారు. నిజమే, డీజిల్‌లో ఈ వాయువు చాలా తక్కువ. కానీ స్పీడు బోట్లు, జెట్ స్కీలు, పార్టీ లైట్లకి పెట్టే చిన్న జనరేటర్లు ఎక్కువగా పెట్రోలువే. "ఇదంతా అమెరికా భయం" అనేవాళ్ళకి ఒకటే మాట: చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకుని లేవనివాళ్ళ వార్త మీరు ఎప్పుడూ చదవలేదా? అదే వాయువు. నాగావళి నీళ్ళు తాగినవాడి హిమోగ్లోబిన్‌కేమీ మినహాయింపు లేదు. "ముందు జాకెట్లు ఇవ్వనీ, తర్వాత చూద్దాం" అంటారు ఇంకొందరు. జాకెట్‌కి డబ్బు కావాలి. దీనికి పైసా అక్కర్లేదు, కాబట్టి క్యూలో నిలబెట్టాల్సిన పని లేదు.

చేయాల్సింది ఇంతే. జనం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఎవరైనా నీళ్ళలో ఉన్నప్పుడు ఇంజనూ జనరేటరూ ఆపాలి. పిల్లల్ని పొగ గొట్టానికి దూరంగా, ముందు వైపు కూర్చోబెట్టాలి. ఎవరికైనా తల తిరిగితే ముందు మంచి గాలిలోకి తీసుకెళ్ళి, తర్వాత ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించాలి. డాక్టరుకి "పడవ పొగ పీల్చాడు" అని నోరు తెరిచి చెప్పాలి, ఆక్సీమీటర్ చూసి మురిసిపోకూడదు. లేక్ లేనియర్‌లో వీకెండ్‌కి పాంటూన్ బోటు అద్దెకి తీసుకునే అట్లాంటా మిత్రులకీ ఇవే రూల్స్.

ప్రభుత్వం చేయాల్సింది రెండే పనులు. 2021 ఇన్లాండ్ వెసల్స్ చట్టం కింద పడవలకి సర్వే చేసేటప్పుడు పొగ గొట్టం ఎటు తిరిగి ఉందో, సీట్లు ఎక్కడున్నాయో కూడా చూడాలి. ఇంజను నడుస్తున్న పడవ దగ్గర ఎవరు మునిగిపోయినా పోస్టుమార్టంలో ఆ ఒక్క రక్త పరీక్షా చేయాలి. అంకెలు వచ్చాక సమస్య చిన్నదని తేలితే చాలా సంతోషం, నన్ను తిట్టుకోండి. అంకెలు రాకముందే చిన్నదని తేల్చేసేవాళ్ళతోనే నాకు పేచీ.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళి పిల్లలతో పడవెక్కితే, జాకెట్ అడిగే నోటితోనే "ఇంజను పొగ ఎటు పోతోంది?" అని కూడా అడగండి. పడవవాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి.